నా ఘుగ్రీలు, దాని ఫోటో

హలో… ఆ, నేనే. ఆశా వర్కర్ వినోదనే మాట్లాడుతాన్న. చెప్పుండ్రి రక్తనిధి సుప్రియ మేడం.

…లే లే, పనేం లేదు. బియ్యం చెరుగుతాన్న. చెప్పుండ్రి.

…చూసిన. చూడకేం? నెక్కొండ స్టేషన్ ముంగట అంత పెద్ద ఫ్లెక్సీ కడితే కండ్లు మూసుకొని పోవాల్నా?

…మంచిగనే వచ్చింది. రంగులు మంచిగున్నయి. మా లంబాడి మాటను తెలుగు అక్షరాలల్ల రాసిండ్రు చూడుండ్రి, అది ఇంకా మంచిగుంది… ఆ, తండోళ్లు ఆగి చదువుతాన్రు. మొన్నటిదాంక టై కట్టుకున్న సారు బొమ్మ ఉండె గదా, రక్తం ఇయ్యుండ్రి అని నవ్వుకుంట… ఆయన దిక్కు మావోళ్లు ఎవలు చూడలే. పట్నపోళ్ల ముచ్చట మనకెందుకు అనుకున్నరు. ఇప్పుడైతే మన పిల్ల, మన అద్దాల రైక అని ఆగుతాన్రు…

ఫోటోనా? ఫోటోకేమైంది. మా తోడికోడలు స్రవంతి మొఖం పుట్టుకతోనే సక్కగుంటది. దానికి మీరేం చేస్తరు, నేనేం చేస్త.

…కోపమా? నాకెందుకు కోపం మేడం.

…

సరే, అడుగుతాన్రు కాబట్టి చెప్తాన్న. ఆ రోజు తండకొచ్చి ముందుగాల ఎవలకు ఫోటో తీసిండ్రు? నాకు. పొద్దంత ఎండల నిలబెట్టిండ్రు. మా అత్త లంగ, మా అత్త రైక పెట్టెల నుంచి తీసి వేసుకున్న. అద్దాలు గుచ్చుకొని వీపంత దద్దుర్లు లేచినయి. నవ్వమంటే నవ్విన, పక్కకు చూడమంటే చూసిన. ఆఖర్ల స్రవంతిని చూసి మీ ఫోటో అబ్బాయి ఏమన్నడు? ఈ అక్కవి కూడ ఒకటి రెండు తీద్దాం, ఎందుకన్న పనికొస్తయి అన్నడు. స్రవంతి అప్పుడు మడికొండ నుంచి డ్యూటీ దిగి వచ్చింది, గంతే. ఆ ఎందుకన్న పనికొచ్చేది బోర్డెక్కింది. నాది ఎటు పోయింది?

…ఏంది… ఇద్దరి ఫోటోలు వేరే తండలల్ల చూపిచ్చిండ్రా…

అందరు దానిదే చూసిండ్రా.

ఒక్కలు కూడ నా ఫోటో కాడ ఆగలేదా మేడం?

…లే, ఏం లే. అడిగిన, గంతే. నవ్వు ఎక్కువైందంటరా… నవ్వమన్నది మీరే గదా.

ఇగ విన్రి. నాకు మండుతాంది. అవును, కడుపుల మంటే, దాచుడెందుకు? ఆటో దిగితే చాలు, వదినా ఆ బోర్డు మీదామె మీ ఇంటామెనా అంటరు. నేను ఇన్నేండ్ల సంది ఇల్లిల్లు తిరుగుతాన్న, నన్నెవలన్న అట్ల అడిగిండ్రా? మా ఆయన… మా ఆయన మొన్న బండి ఆపి మరీ చూసిండు. నేను రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తినా ఆపని మనిషి.

…నవ్వకుండ్రి మేడం.

అది ఒక్క చుక్క రక్తం ఇచ్చిందా? నేను ఎన్నిసార్లు ఇచ్చిన మీ రక్తనిధికి… మీకే తెలుసు. రక్తమిస్తే బలం పోతది, పత్తి ఏరలేం అని మావోళ్లు భయపడుతుంటే, నేను ఇచ్చొచ్చి తెల్లారే చేన్ల దిగి చూపిచ్చిన.

…ఎవలు? స్రవంతా? రెండుసార్లొచ్చిందా మీ కాడికి…

ఒంట్ల రక్తం తక్కువుందని మీరే వెనక్కి పంపిండ్రా… నాకు చెప్పలే అది. …అవునా… మడికొండ క్యాంటీన్ల తిండి తింటదో లేదో…

సరే, అది పక్కకు పెట్టుండ్రి. బోర్డు మీద మాట సంగతి చెప్పుండ్రి. ‘ఆ రోజు ఇంకిద్దరు వచ్చి ఉంటే నా ఇంటాయన బతికేటోడు’ అని రాసిండ్రు. ఇంకిద్దరు అంటే, ముందు ఒకలు ఇచ్చినట్టే గదా? ఆ ఒకలెవలు మేడం? దాని మొగడు, మా మరిది వీరన్న ట్రాక్టర్ బోల్తాపడి దవాఖానల ఉన్ననాడు తండ తండంత గేటు కాడ నిలబడ్డది. లోపలికి పోయి చెయ్యి చాపింది నేనొక్కదాన్నే. నా పేరేది అండ్ల?

…

తెల్వదంటరు. అవు, ఎవలకు తెలుస్తది.

…ఆదివారం క్యాంపా? ఎవలు రారు మేడం. ఉన్నమాట చెప్తాన్న. పేర్లిచ్చినోళ్లు కూడ వద్దంటాన్రు.

…ఎందుకంటే, ఘుగ్రీల మీద లొల్లి. ఘుగ్రీలు అంటే… బోర్డు మీద స్రవంతి చెంపల పక్కన వెండి గుత్తులు వేలాడుతున్నయి చూడుండ్రి, వెంట్రుకలకు కట్టేటియి. అయి ఆమె పెట్టుకోవద్దు. మా కాడ మొగడున్నామెనే పెట్టుకుంటది. మొగడు పోయిననాడు తీసేస్తరు. ఇప్పుడు రోజూ ఎవలు పెట్టుకుంటలేరు గని, రివాజైతే పోలే. బోర్డు మీద మాటేమో మొగడు చచ్చిపోయిండని, చెంపలకేమో ఘుగ్రీలు. మా తండ పెద్దామె సోమ్లి అవ్వ అది చూసి ఊకుంటదా? ముండమోసిన పిల్ల ముత్తైదు సొమ్ములు పెట్టుకొని రోడ్డు మీద నిలబడ్డది, అసొంటి బొమ్మ పిలిస్తె రక్తం ఇయ్యపోతమా అన్నది. ఆమె మాట దాటి ఆడోళ్లెవలు రారు.

…మీకు తెల్వదు, నిజమే. మీ ఫోటో అబ్బాయికీ తెల్వదు.

…నాకా? నాకు తెలుసు.

…మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే… దాని ఫోటో పెడతరని నాకు కలొచ్చిందా? నాదే పెడతరనుకున్న. దానిది ఉత్తగ తీస్తాన్రు గదా అనుకొని… ఘుగ్రీలు నావే మేడం. మా అమ్మ నా పెండ్లికి పెట్టినయి. అక్కా, ఒక్కసారి పెట్టుకుంట అని అది అడిగింది. నేనే విప్పి, నేనే కట్టిన. సొమ్మొకరిది సోకొకరిది అంటరు సూడు, గట్లయింది నా బతుకు.

…లే. సోమ్లి అవ్వకు అది చెప్పలే. చూడు అవ్వా, చెంపల పక్కన ఏమున్నయో అని… చూపిచ్చిన. గంతే. నేను చూపియ్యకపోతే ఆమె కండ్లకు ఆ ఎత్తు బోర్డు మీద ఏమానుతది.

…అవును, నేనే చూపిచ్చిన. మండి చూపిచ్చిన. అయితే?

…

స్రవంతి ఫోన్ చేసిందా మీకు? ఎప్పుడు?

ఏడ్చిందా…

అవ్వ దానికి ఫోన్ చేసి అంతమాటన్నదా. అది నాకు తెల్వదు మేడం. దేవుని మీద ఒట్టు, ఫోన్ చేసి తిడతదని నేననుకోలే… మరి అది ఏం చెప్పింది? నా పేరు చెప్పిందా, అక్కనే కట్టింది అని?

…చెప్పలేదా. అవ్వకు కూడ చెప్పలేదా.

…తన ఫోటో తీసెయ్యమన్నదా.

…ఆ, వింటాన్న. చెప్పుండ్రి.

నా ఫోటోనా? …రేపే మారుస్తరా? మడికొండ కాడ కూడనా? హన్మకొండ బస్టాండ్ల కూడ పెడతరా…

…

ఆగుండ్రి మేడం, బియ్యం చాట పక్కన పెడ్త.

…ఆ, చెప్పుండ్రి. నా మాటలేం రాస్తరు? ‘నేను చానసార్లు ఇచ్చిన, నాకేం కాలే’… మంచిగుంది. నిజమే గదా. మా ఆయన చూస్తడు. ఆటోలోళ్లు చూస్తరు…

…మరి తీసేసినంక స్రవంతిని ఏమనుకుంటరు మేడం? తప్పు చేసింది కాబట్టే తీసిండ్రు అనరా?

…అంటరు. నేనే అంటుంటి.

అది ఆ ఘుగ్రీలు కట్టించుకొని మీ అబ్బాయి ఫోన్ల తన మొఖం చూసుకున్నది మేడం. చానసేపు చూసుకున్నది. నేను అంత సక్కగ ఎన్నడు కనపడలేదు, ఘుగ్రీలు నా చెంపలకున్నా సరే. అప్పుడే మొదలైంది నా మంట. బోర్డు చూసినప్పుడు కాదు… నా సొమ్ములు పెట్టుకొని దాని మొగడు బతికున్నట్టు నిలబడ్డదని. వాడు లేడని తెలిసి కూడ కుళ్లుకున్న. ఏం లేనిదాన్ని చూసి.

…

లే, ఏడుస్తలేను. జర ఆగుండ్రి.

…మార్చకుండ్రి.

విన్నరు గదా. మార్చకుండ్రి అంటాన్న. దానిదే ఉంచుండ్రి. తండోళ్లు దాన్ని చూసే ఆగుతాన్రు, నన్ను చూసి ఆగలే, ఆ మాట మీరే అన్నరు.

…అవ్వ సంగతి నేను చూస్కుంట. ఇయ్యాలనే పోయి చెప్త, అయి నావి, నా చేతులతోని నేనే కట్టిన, అనేదేమన్న ఉంటె నన్ను అనుండ్రి అని.

…మరి అనరా? మా అత్త ఇంట్లకు రానియ్యదు రెండు దినాలు. ముత్తైదు సొమ్ములు విప్పి మొగడు లేనామెకు కడితే కట్టినామె మొగనికి కీడంటరు… నాకా? నాకు భయం లేదంటే అబద్ధమైతది. ఆయన రాత్రి బండి మీద తిరుగుతడు. అయినా చెప్త.

…ఆదివారం తెస్త. ఎంతమందని అడగకుండ్రి, నలుగురన్న వస్తరు. ముందుగాల నేను పండుకుంట బల్ల మీద, వాళ్లు చూస్కుంట నిలబడుతరు.

…మంచిదాన్ననకుండ్రి మేడం. మంట చల్లారలే. రేపు మళ్ల స్టేషన్ కాడికి పోత, మళ్ల మండుతది.

…ఆగుండ్రి, అదే ఫోన్ చేస్తాంది. స్రవంతి… అవును, నాకే చేస్తాంది. ఏం మాట్లాడాల్నో… ఉంట మేడం, పెడుతాన్న.

…

చెప్పు చెల్లె.

…తెలుసు. మేడం చెప్పింది. ఏడవకు ముందు… ఏడవకు అంటాన్న గదా.

…లే, తీసేస్తలేరు. నేనే వద్దన్న.

అవ్వతోని నేను మాట్లాడుత. నువ్వు నా పేరు ఎందుకు చెప్పలే ఆమెకు? …నన్నంటరనా.

…నీకు పిస పట్టింది పిచ్చిదానా.

…ఆ, బోర్డు చూసిన.

…ఎట్లున్ననంటవా? సక్కగున్నవ్. నాకంటె సక్కగున్నవ్, చాలా? ఇగ పెట్టు ఫోన్. ఆదివారం పొద్దుగాలనే రా… ఎవలేమంటరు, నా పక్కన కూసో. అన్నం తినే రా, కడుపు మాడ్చుకొని రాకు. ఉంట.