రెండు రిమోట్లు, సోమలింగం చెవులు

సూరత్‌ల, వడోద్‌ల ఉన్న భాగీరథి చాయ్ డబ్బా కొట్టు కాడ సోమలింగం నోరు తెరిచిండంటే, రోడ్డు మీద పోయే లారీ సుత ఆగి వినాల్సిందే. ఏండ్లకేండ్లు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఆ మోతల నడిపిన మనిషి, గొంతు అట్లనే ఉంటది. ఆ సాయంత్రం సంపత్ బల్ల మీద రెండు రిమోట్లు పెట్టుకొని కూసునేసరికి ఇగ ఆగుతడా?

సంపత్ సుత సాంచెల మనిషే. థర్మాకోల్‌తోని చిన్న విమానాలు చేసుడంటే పిచ్చి. ఆ పిచ్చి చూసి కతర్‌గామ్‌ల వజ్రాల యాపారం చేసే సేఠ్ కొడుకు మాటిచ్చిండు: "రేపు సచిన్ ఊరి అవతలి మైదానంల నీ విమానం ఎగిరి మంచిగ దిగితే, మా విమానాల క్లబ్బుల నీకు పని. సాంచెలు బంద్." ఖరీదైన రిమోట్లు రెండిచ్చి, నచ్చినదాంతోని ఎగరేయమన్నడు. సంపత్‌కు చేసుడొచ్చు గని ఎగరేసుడు అంతంతే. లోపల గుబులుగున్నది.

"రెండూ ఆన్ చెయ్యి అల్లుడా," అన్నడు సోమలింగం. "ఇగో, జపాన్‌ది పిట్టంత తేలిక. జర్మనీది ఒళ్లంత లోహం, పుల్ల కదిపితే వెన్నల వేలు పెట్టినట్టే. గని అసలు తేడా చేతుల లేదు, చెవుల ఉన్నది. బ్యాటరీ తగ్గినా, ఏదన్న అయినా రిమోట్ కూత పెడ్తది. జపాన్‌ది సన్నగ, జర్మనీది దొడ్డుగ. నేనెట్ల కనిపెట్టిన్నో ఎరికేనా?"

"ఎట్ల మామా?" బిస్కట్ చాయ్‌ల ముంచుకుంట, పక్క సాంచె నడిపే పరమేశ్ అడిగిండు.

"పోయినేడు ఒక సేఠ్ పిలిచిండు. ఏది మంచిదో చెప్పు సోమలింగం భాయ్ అన్నడు. రెండు చేతుల్ల రెండు రిమోట్లు, పైన రెండు విమానాలు, మంచిగ తిప్పుతున్న. గంతల గాలి లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండూ తాపీ నది దాటినయ్, హజీరా రేవు దాటినయ్, సముద్రం మీద పడ్డయ్! సేఠ్ ఒకటే ఏడుపు. నేను కండ్లు మూసుకున్న. సన్నగ కూస్తే ఎడమకు, దొడ్డుగ కూస్తే కుడికి!"

"దిగినయా మరి?"

"దిగుడేందిరా, బొంబాయి దాకా పోయి మలుపు తిరిగినయ్! ఆడ జపాన్ దాని బ్యాటరీ అయిపోయింది. నేనూకుంటనా? జర్మనీ విమానాన్ని దాని కిందికి తెచ్చిన, పిల్లను భుజాల మీద ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. ఎదురుంగ పెద్ద విమానం. పైలెట్ కిటికీలకెళ్లి సలాం కొట్టి పక్కకు జరిగిండు! నావి ఏం చెవులనుకున్నరు? రెండు వందల సాంచెలు దడదడలాడినా, ఏ సాంచెల పోగు తెగిందో నిలవడ్డకాడ చెప్త!"

అందరు నవ్విన్రు. సంపత్ నవ్వలేదు. అండ్ల సగం అబద్ధమైనా, మిగిలిన సగం తనకు చాలు అనిపించింది. జర్మనీ రిమోట్‌ను ఆయన చేతుల పెట్టిండు.

"మామా, రేపు నువ్వే ఎగరెయ్యి."

భాగీరథి చాయ్ గిన్నె దబ్బున దించింది. ఆమె సాంచెల షెడ్డు గడప తొక్కిన మనిషి కాదు.

"ఏమయ్యా, దాన్ని ఎవలన్న బంద్ చేస్తరా లేదా?"

"దేన్ని?" అన్నడు సోమలింగం.

"నీ చేతుల ఉన్నదాన్నే అన్నా! నువ్వు బొంబాయి ముచ్చట తీసినకాడికెళ్లి ఒకటే మొత్తుకుంటున్నది. నా తలకాయ పలుగుతున్నది."

సంపత్ వంగి చూసిండు. తెర మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగ కొట్టుకుంటున్నది. సోమలింగం రిమోట్‌ను కుడి చెవికి పెట్టుకున్నడు. తర్వాత ఎడమ చెవికి మార్చిండు.

పరమేశ్ పొట్ట పట్టుకొని నవ్విండు. "సముద్రం మీది కూత విన్నోనికి చేతులది వినవడలే!"

"నువ్వు విన్నవా?" అన్నది భాగీరథి.

పరమేశ్ నవ్వు ఆగింది. బల్ల సుట్టు కూసున్న, ఏండ్లకేండ్లు ఆ దడదడలనే బతికిన సాంచెలోళ్లు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు.

"నాకు వినవడ్డది," అన్నడు సోమలింగం. "మీకు వినవడ్తదో లేదో అని ఊకున్న."

సంపత్ మెల్లగ రిమోట్ వాపసు గుంజుకున్నడు. తనకూ వినవడలేదు. రేపు గాలిల ఉన్నప్పుడు ఇది మొత్తుకుంటే, విమానం నేల మీద పడేదాక తెల్వదు. భయమైంది.

"అక్కా, రేపు జర డబ్బా బంద్ పెట్టి నాతోని రారాదు? నేనే ఎగరేస్త. ఇది కూసిందంటే నా వీపు మీద ఒక్కటి చరువు."

"వస్త తీ."

"మరి నేను?" అన్నడు సోమలింగం.

"నువ్వు బొంబాయి దిక్కు మొఖం పెట్టి నిలవడు అన్నా," అన్నది భాగీరథి గ్లాసులు కడుక్కుంట. "పైలెట్ సలాం కొడితే, మళ్ల సలాం కొట్టేటందుకు ఒకడుండాలె గదా."