షట్టర్ లోపలి ఫొటో

ప్రత్యేక తెలంగాణ కోసం బంద్ రోజు. కేసముద్రం పత్తి మార్కెట్ పక్కన, ఫొటో స్టూడియోలో, దించిన షట్టర్ వెనక ఒక ఆడమనిషి, స్టూడియో నడిపే మనిషి.

“కంప్యూటర్ మల్ల ఆగిందా, అన్నా?”

“ఆగిందక్కా. ఫ్యానుల చిక్కిన దూదంత తీసిన. షట్టర్ దించితే గాలాడక కంప్యూటర్ వేడెక్కి ఆగుతున్నది. నీ చీటీ నంబర్ ఫొటో తెరుచుకునుడే లేదు.”

“జర షట్టర్ లేపన్నా.”

“బంద్‌ల లేపితే రాళ్లతోని కొడ్తరు. పాస్‌పోర్ట్ ఫొటోనే కద, రేపు రా.”

“రేపటికెట్ల? మాపటికే పాడె లేస్తది. ముఖమంత కాలిపోయింది. కొడుకు ముఖం జూపియ్యమని మమ్ముల గన్న అవ్వ నేల మీద పడి ఏడుస్తున్నది. ఇంట్ల ఒక్క ఫొటో లేదు. కొలువు దరఖాస్తుకని నీ దగ్గరనే దిగిండు.”

“ఎవరక్కా?”

“మా తమ్ముడు. షట్టర్ లేపన్నా, ఎవలు కొట్టరు. గీ బంద్ వాని కోసమే.”