ముప్ఫయ్యో పేజీ

వరద మా వీధిలోకి వచ్చిపోయిన మూడో ఏడు, నా కొడుకు పోయి నెల. జబ్బుతో మంచంమీదుండే వాడు కూతురి కోసం కంప్యూటర్లో ముప్ఫై పొడుపుకథల ఆట కట్టాడు. ఒకటి విప్పితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. మనవరాలు రోజుకొకటి విప్పి నాకు చదివి వినిపించేది.

“ఇవాళ్టిది ఏదే?”

“అయిపోయాయి తాతా.”

“నిన్నటికి తొమ్మిదే గదే!”

“పేజీ వెనకాల నాన్న రాసిన కోడ్ ఉంటుంది. తెరిచి చూశా. జవాబులన్నీ అందులోనే ఉన్నాయి.”

“దొంగపిల్లా! మీ నాన్నా అంతే, లెక్కల పుస్తకం చివరిపేజీ నుంచే మొదలెట్టేవాడు. ఎందుకంత తొందర?”

“చివర్లో నాకేం చెప్పాడో చూద్దామని.”

“ఏం చెప్పాడు?”

“పదిహేడు దాకానే రాశాడు తాతా. తర్వాతవన్నీ ఖాళీ. ముప్ఫయ్యో దాంట్లో ‘రేపు రాయాలి’ అనుంది.”

“ఏడవకమ్మా.”

“చూడకుండా ఉండాల్సింది. ఇంకో ఎనిమిది రోజులు నాన్న ఉండేవాడు.”

“నేను చూళ్లేదుగా. పదోది నాకు పెట్టు. జవాబు మాత్రం చెప్పావో, ఊరుకోను.”

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాది మూడో తరగతి చదువు. కూడబలుక్కుని చదివి, ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి జవాబు పట్టుకున్నాను. పైకి చెప్పలేదు. మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవసాగాను.