సాత్తూరు దాటినాక

విరుదునగర్‌లో పుట్టిన చెల్లెలి బిడ్డను చూడాలని కోవిల్‌పట్టిలో బస్సెక్కిన ఆ కోడలు, ఇంతకు ముందు మూడుసార్లు దారి మధ్యలో సాత్తూరులోనే దిగి ఇంటికి తిరిగిపోయింది. ఈసారి అత్త తోడుగా వచ్చింది. బస్సు సాత్తూరు స్టాండులో ఆగగానే కోడలి చేయి సంచి మీదికి పోయింది.

"అత్తా, గ్యాసు ఆపినానా?"

"చెప్పను తల్లీ."

"మీరు పక్కనే ఉండిరి గదా. ఒక్క మాట చెప్తే చాలు."

"పోయిన వారమూ ఒక్క మాటే అంటివి. పొద్దు గూకేలోపల నలబై తూర్లు అడిగితివి. నేను చెప్పేకొద్దీ నీకు భయం పెరుగుతాదని డాక్టరమ్మ నా చేత ఒట్టేయించుకునింది."

"వెనక ఎవరో అగ్గిపెట్టెల మూట ఎక్కించినారు అత్తా. ఆ మందు వాసన తగిలినాకనే మొదలయింది."

"అట్టాంటిది తగిలితే నీ మెదడులో ఒక మూల వేడెక్కుతాదంట, డాక్టరమ్మే చెప్పింది. మనం జవాబియ్యకుంటే దానంతట అదే చల్లారుతాదంట."

"ఇల్లు కాలిపోతే?"

అత్తకు మాట గొంతు దాకా వచ్చింది. గ్యాసు ఆపడం ఆమె కళ్ళారా చూసింది. అయినా మింగేసి, చెయ్యి చాపింది.

"గట్టిగా పట్టుకో."

బస్సు కదిలింది. సాత్తూరు వెనకబడి చాలాసేపయ్యాక కోడలి వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"చెయ్యి నొచ్చిందా అత్తా?"

"నొచ్చింది. నీ భయం?"

"ఉండాది. దిగాలని మాత్రం లేదు."

"అది చాలు. అవును గానీ, వాకిలికి బీగం వేసినామా?"

"చెప్పను అత్తా."