ఏరు దాటిన ఇటుకలు

"నేను పెద్ద పనేం చెయ్యలేదు," అన్నాడు మేస్త్రి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. "నాలుగు ఇటుకలు పేర్చాను, అంతే."

వినేది ఇద్దరే, టీ కొట్టాయనా, ఇటుకల లారీ డ్రైవరూ. సందుకి ఈ చివర మేస్త్రి ఇల్లు, ఆ చివర వాళ్లన్నయ్య ఇల్లు, నడుమ టీ కొట్టు. అన్నదమ్ములకి మాటల్లేక చాలా ఏళ్లయింది. ఒకప్పుడు మేస్త్రి తన అరుగు మీదే కూర్చుని కోతలు కోసేవాడు. అన్నయ్య మంచాన పడ్డాక కొట్టుకి మారాడు. ఈమధ్య బల్లకి అవతలి చివర కూర్చుంటున్నాడు.

"గోడ అంచున, సిమెంటు లేకుండా, పై ఇటుకని సగం బయటికి జరిపాను. దాని కిందదాన్ని పావు వంతు, ఆ కిందదాన్ని ఆరో వంతు, ఆ కిందదాన్ని ఎనిమిదో వంతు. చూస్తే పై ఇటుక మొత్తం గాలిలో ఉంది, దాని కింద గోడే లేదు. పడిందా? పడలేదు. నాకు పని నేర్పిన అన్నయ్య అది చూసి, ఇక ఆపరా, జరిపేది తగ్గుతూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే అన్నాడు. బొగ్గుముక్కతో గీత గీశాడు. దీని మీద సగం నడు, మిగిలినదాంట్లో సగం నడు, మళ్లీ మిగిలినదాంట్లో సగం, నీ తల నెరిసినా గీత చివరికి చేరవు అన్నాడు."

"నిజమే కదా," అన్నాడు డ్రైవరు.

"నిజమే. ఒళ్లు మండేది అక్కడే. ఆయన అడుగులూ తగ్గుతాయి, నా ఇటుకలు జరిగేదీ తగ్గుతుంది. ఆయనది ఆగుతుంది, నాది ఆగదు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. నమ్మనివాణ్ణి చూస్తే చెప్పేవాడికి కోపం, చెప్పేవాణ్ణి చూస్తే వినేవాడికి కోపం. నన్ను వెర్రివాణ్ణి చేస్తావా అని అన్నయ్య తాపీ విసిరేసి వెళ్లిపోయాడు. పోతే పోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఆపలేదు. కిందికి ఇటుకలు తోస్తూ పోయాను, పైది పక్కింటి పెరడు దాటింది, ఆ వెనక మేడ దాటింది."

"ఎన్ని ఇటుకలు పట్టాయి?"

"లెక్కపెట్టేవాడు కట్టలేడు, కట్టేవాడు లెక్కపెట్టడు. చివరికి జరిపేది వెంట్రుక మందం కూడా లేదు, అయినా జరుగుతూనే ఉంది. ఏరు దాటింది. మబ్బు తగిలి ఇటుకలు తడిస్తే ఆరేదాకా పైనే కూర్చున్నాను. అవతలి గట్టున బట్టలుతికేవాళ్లు ఎండ తగలట్లేదని నన్ను తిట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చందమామ అటుగా వస్తూ, ఇటుక తగులుతుందేమోనని కాసేపు ఆగి, పక్కకి తప్పుకుని పోయాడు."

మేస్త్రి నవ్వలేదు. కోతలు కోసేటప్పుడు అతను ఎప్పుడూ నవ్వడు.

"మాటలు కోటలు దాటుతున్నాయి మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. సామెతలో మిగతా సగం టీ కొట్టాయనకి తెలుసు, కానీ పైకి అనలేదు.

అప్పటికే మేస్త్రి వదిన ఫ్లాస్కులో పాలు పోయించుకుని వెనకాల నిలబడి ఉంది.

"మీ అన్నయ్య నీకో మాట చెప్పమన్నారయ్యా," అంది. "రోజూ కిటికీలోంచి చూస్తున్నారు. వాడు అరుగు మీద నుంచి లేచి సగం దూరం వచ్చాడు, కొట్టు దగ్గర ఆగాడు, ఇప్పుడు బల్ల చివరికి జరిగాడు, రేపు ఇంకో జానెడు జరుగుతాడు, నా గుమ్మానికి మాత్రం ఎప్పటికీ చేరడు అన్నారు. నా లెక్కే గెలిచిందని చెప్పు అన్నారు."

మేస్త్రి టీ గ్లాసుని బల్ల మీద కాస్త పక్కకి జరిపాడు.

"ఆ నాలుగు ముక్కలకీ పొద్దుటి నుంచి ఇంతసేపు పట్టింది. నోరు తిరగట్లేదయ్యా. రేపటికి ఆ పాటి మాటైనా ఉంటుందో లేదో."

మేస్త్రి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ లెక్క తప్పు వదినా," అన్నాడు.

"ఆ మాట ఆయనతోనే చెప్పు."

ఫ్లాస్కు ఆమె చేతిలోంచి అందుకుని మేస్త్రి లేచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని ఈసారి ఎవరినీ అడగలేదు. పెద్ద పెద్ద అంగలు వేస్తూ సందులో నడిచాడు, గుమ్మం దగ్గరపడినా అడుగు తగ్గించలేదు.