పేరిందేవమ్మ గోడలో పుట్ట

పేరిందేవమ్మని ఒకావిడ ఉండేదంట. మనిషి పొట్టిది, మాట గట్టిది. మొగుడు కోటిలింగం ఎద్దుల బండి తోలేవాడు. పిల్లలకి పెళ్ళిళ్ళయ్యి ఎవరింటికి వాళ్ళు పోయారు, ఇంట్లో వీళ్ళిద్దరే. ఉన్నదల్లా రెండు గదుల పెంకుటిల్లు. ఆ ఇల్లంటే ఆవిడకి పానం అనుకో. ఎందుకుండదు? కట్టేటప్పుడు గోడలకి మట్టి తొక్కింది ఆవిడే, పెంకులు పైకి అందించింది ఆవిడే, అదీ కడుపుతో ఉండి. మట్టిగోడలు, గోడల మీద దూలం, దూలం మీద వాసాలు, వాసాల మీద పెంకులు. గోడ కూలితే ఇంకేం మిగలదు. ఈ ముక్క మనసులో పెట్టుకుని వినండి, మధ్యలో నన్ను అడగమాకండి.

ఏమైందంటే, ఆ యేడు ఫాల్గుణంలో మిరపకాయల కల్లం కాడ ఆడోళ్ళంతా కూర్చుని తొడిమలు తీస్తన్నారంట. తొడిమలు తీసేటప్పుడు చేతులకి పని గానీ నోటికి పనేముంది? ఇక ఎవరింటి బాధ వాళ్ళు ఎత్తుకున్నారు. ఒకావిడేమో మా పెరట్లో పందులు పడి చేమదుంపలన్నీ పెళ్ళగించినయ్యి అంది. ఇంకొకావిడ, మీ పందులు నయమే తల్లీ, మా ఇంటి మీద కోతులు పెంకులు తిరగేసి పేలు చూసుకుంటన్నయ్యి అంది. ఆదెమ్మని పేరిందేవమ్మకి వదిన వరస, ఆవిడేమో పక్కింటోళ్ళ తూము నీళ్ళు మా వాకిట్లోకే వస్తన్నయ్యి, పొద్దున వేసిన ముగ్గు మధ్యాన్నానికి మిగలట్లా అంది. అప్పుడు పేరిందేవమ్మ, మా వంటింటి మూల గోడకి చెదలు పట్టినయ్యే, దులిపితే మళ్ళా లేస్తన్నయ్యి, మోకాలెత్తు పుట్ట పెట్టినయ్యి, ఏం చెయ్యాలో తోచట్లేదు అని చెప్పుకుంది. చెప్పుకుంటే మందులకేం కొదవ? బూడిద పొయ్యమందొకావిడ, కిరసనాయిలు పొయ్యమందొకావిడ, ఆదెమ్మేమో, "పసుపు చల్లు వదినా, దోసెడు చల్లు. ఆ ఘాటుకి చీమా ఉండదు, చెదా ఉండదు" అంది. పేరిందేవమ్మకి అది నచ్చింది. ఇంటికి పోయి దోసెడు కాదు, రెండు దోసిళ్ళు చల్లిందంట. పుట్ట పుట్టంతా పచ్చగా అయింది.

తెల్లారింది. మాణిక్యమ్మని ఆ వీధిలో పెద్దావిడ ఉంది. ఎవరింట్లో ఏ పూజ జరిగినా ముందు పీట మీద కూర్చునేది ఆవిడే, నోములూ వ్రతాలూ అన్నీ ఆవిడ నోట్లోనే ఉండయ్యి. ఆ మాణిక్యమ్మ మజ్జిగ కోసమని చెంబు పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది, మూలన పచ్చటి పుట్ట! చెంబు కింద పెట్టి రెండు చేతులూ ఎత్తేసింది. "ఓసి పేరిందేవీ! ఎంత అదృష్టమే నీది! నాగేంద్రుడు నీ ఇంట్లో వెలిస్తే ఊళ్ళో ఒక్కరికన్నా చెప్పకుండా ఒక్కదానివే పసుపు పూజ చేసుకుంటన్నావా!" అంది. పేరిందేవమ్మ నోరు తెరిచింది. అది చెదలకి చల్లిన పసుపు అక్కా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది గానీ ఎట్టా చెప్పిద్ది? ఎదురుగా ఉన్నావిడ దేవుడంటంటే, ఆ దేవుణ్ణి తోలెయ్యటానికే చల్లానని చెప్పటానికి ఏ ఆడదానికి నోరొచ్చిద్ది? మింగేసింది. ఆ మింగటమే ఆవిడ చేసిన తప్పు. ఆవిడ మింగేలోపల మాణిక్యమ్మ ఇంటికి పోయి కుంకంబరిణా, పాలచెంబూ పట్టుకుని మళ్ళా వచ్చేసింది.

ఇక చూడండి ఆవిడ తిప్పలు. ఆ మంగళవారం పదిమంది వచ్చారు, పై మంగళవారం నలభైమంది. పెరట్లో దొండపందిరి ఉంటే దాని కిందనించే నడక, పాదు తొక్కి తొక్కి చంపేశారు. పాలు పోస్తారు, గుడ్లు వేస్తారు, కొబ్బరికాయలు కొడతారు. పాలకి చీమలొచ్చినయ్యి, గుడ్లకి వాసనొచ్చింది. అన్నిటికంటే గొప్ప సంగతేందంటే, ఆ తడికి చెదలకి పండగైంది. మోకాలెత్తు పుట్ట నడుమెత్తు అయింది, నడుమెత్తుది రొమ్మెత్తు అయింది. చూశావా, పెరగతన్నాడు స్వామి అని మాణిక్యమ్మ మురిసిపోయేది. ఇంట్లో ఎండుచేపలు కాల్చగూడదంది, పొయ్యి ఆ మూల వెలిగించగూడదంది. కోటిలింగం పాపం నోరు లేనోడు. అయినా ఒకరోజు వసారాలో కూర్చుని ఉత్త పప్పన్నం కలుపుకుంటా, "ఏమే, మనింట్లో మనం చుట్టాలమయ్యాం" అన్నాడంట.

అంతవరకైతే ఎట్టాగో సర్దుకునేవాళ్ళే. చైత్రం ఎల్లేసరికి పేరిందేవమ్మ గోడ మీద వేలితో కొడితే లోపలంతా డొల్ల మోత. మూలన వేలు పట్టేంత పగులిచ్చింది. దూలం బెత్తెడు దిగింది. మృగశిర కార్తెకి వానలు పడితే ఆ గోడ నిలబడదు, గోడ పోతే దూలం, దూలం పోతే ఇల్లు. కోటిలింగం ఇక ఓర్చుకోలేక గునపం తెచ్చాడు. మాణిక్యమ్మ చేతులు చాపి పుట్టకి అడ్డం నిలబడింది. "పుట్టకి గునపం వేస్తావా? కళ్ళు పోతయ్యిరా కోటిలింగం, నీకే కాదు, నీ మనవలకి కూడా!" అంది. మనవలనేసరికి పేరిందేవమ్మే మొగుడి చెయ్యి పట్టుకుంది. అదీ అసలు బాధ. చెదలని తెలుసు ఆవిడకి, తన చేత్తో ఎన్నిసార్లు దులిపిందో. అయినా ఒకవేళ ఉంటేనో? మనకైనా అంతే గదా, కాదనే ధైర్యం ఎవరికుంది? ఒక మధ్యాన్నం ఎవరూ లేనప్పుడు పుట్ట ముందు కూలబడి, ఏడుస్తానే అడిగేసిందంట. "అయ్యా, నువ్వు లోపలున్నావో లేవో నాకు తెలవదు. ఉంటే నీకు ఊరి బయట బోలెడు పుట్టలున్నయ్యి. నాకు ఈ ఒక్క ఇల్లే ఉంది. నేనే తొక్కిన మట్టయ్యా ఇది. నా ఇల్లు నాకు వదిలెయ్యి" అంది. పుట్ట ఏమన్నా పలికిద్దా? పలకలా. ఆవిడే కళ్ళు తుడుచుకుని లేచింది.

ఇట్టా ఉండగా వైశాఖం వచ్చింది. ఆదెమ్మ కొడుక్కి పెళ్ళి కుదిరింది. మనలో పెళ్ళికి అరుగు వెయ్యాలన్నా, పాలికల్లో నవధాన్యాలు పొయ్యాలన్నా పుట్టమన్ను కావాలి గదా. మన్ను అనం కూడా, పుట్టబంగారం అంటాం. ముత్తయిదువలు మేళంతో పుట్ట కాడికి పోయి, పూజ చేసి, గునపంతో తవ్వి గంపకెత్తుకుని రావాలి. ఆ ఊరోళ్ళకి పుట్ట ఎక్కడుందంటే వాగు అవతల, పడమటి చేలల్లో. ఆదెమ్మ వీళ్ళ వాకిట్లో కూర్చుని, "వదినా, ఈ ఎండల్లో వాగు దాటి అంతదూరం నడవాలంటే ముసలోళ్ళు రామంటన్నారే, ఎట్టా చేసేది" అని విసుక్కుంటంది. పేరిందేవమ్మ బియ్యం చెరుగుతా చెరుగుతా ఆగిపోయింది. పుట్టకి గునపం తగిలినా ఎవరూ తప్పు అనని పని లోకంలో ఒక్కటుంది. తప్పు అనకపోగా సన్నాయి కూడా వాయిస్తారు! చేట పక్కన పెట్టేసి, "వాగు దాటటం ఎందుకు వదినా? మా వంటింట్లో లేదా?" అంది.

మాణిక్యమ్మకి తెలిసి పరిగెత్తుకొచ్చింది. ఇంట్లో వెలిసిన పుట్టని తవ్వుతారా అంది. పేరిందేవమ్మ నెమ్మదిగా, "నువ్వే స్వామి అన్నావు గదక్కా. స్వామి పుట్టమన్ను పెళ్ళికి పనికిరాదా? పనికిరాకపోతే ఆ మాటేదో ఆదెమ్మ వదిన మొహం మీద నువ్వే చెప్పు, శుభమా అని కొడుకు పెళ్ళి పెట్టుకుంది" అంది. మాణిక్యమ్మ ఆదెమ్మ వంక చూసింది. ఆదెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తంది. మాణిక్యమ్మే పక్కకి తప్పుకుంది. ముత్తయిదువలు పసుపు రాసి, కుంకం పెట్టి, మేళం మోగతా ఉంటే కోటిలింగం గునపం వేశాడు. రెండు నెల్ల కసి ఉంది గదా, ఒక్క పోటుకి గంపెడు పెళ్ళ లేచింది. పేరిందేవమ్మ చేతులు జోడించుకుని, "ఇంకో గంప తీసుకో వదినా, పెళ్ళంటే మాటలా, తక్కువైతే బాగోదు" అందంట!

ఇక ఆవిడ ఊరుకుందా? ఊళ్ళో ఎవరింట్లో పందిరి వేస్తన్నా తనే పోయి చెప్పొచ్చేది. ఆ వైశాఖంలో ఊళ్ళో పదకొండు పెళ్ళిళ్ళంట, పక్కూళ్ళో ఆరు. పక్కూరికి కోటిలింగమే బండి కట్టి తోలాడు. చెవిపోటున్నోళ్ళకి ఒక ముద్ద, గజ్జి ఉన్నోళ్ళకి ఒక ముద్ద, కొత్తిల్లు మొదలుపెట్టినోళ్ళకి తట్టెడు. ఎవరొచ్చినా వట్టి చేతుల్తో పంపేది కాదు. కోటిలింగం మహా భక్తిగా తవ్వేవాడు. రొమ్మెత్తుది నడుమెత్తు అయింది, నడుమెత్తుది మోకాలెత్తు అయింది. చివరికి మాణిక్యమ్మ మనవరాలి పెళ్ళే వచ్చింది. నియమంగల మనిషి గదా, తను స్వామి అన్న పుట్టని వదిలి వాగు అవతలికి పోతే అందరూ ఏమంటారు? ఆవిడే గంప పట్టుకుని వచ్చింది. అడుగున మిగిలిన మన్ను తవ్వేసరికి కింద చెయ్యి పట్టేంత బొక్క బయటపడింది. మేళం ఆగిపోయింది. ఆడోళ్ళంతా గుమ్మంలోకి తప్పుకున్నారు. కోటిలింగం గునపం మొనతో కదిపితే బొటనవేలంత తెల్లటి తల్లి చెదపురుగు దొర్లుకుంటా బయటపడింది, అంతే, ఇంకేం లేదు. అందరూ దాని వంక చూస్తా ఉండగానే కోడి ఒకటొచ్చి ఠక్కున మింగేసి పోయింది! మాణిక్యమ్మ వంగి బొక్కలోకి చూసి, "స్వామి వెళ్ళిపోయాడు" అంది. వెళ్ళిపోయాడు, వెళ్ళిపోయాడని అందరూ అన్నారు. "ఎక్కడున్నా చల్లగా ఉండాలి" అంది పేరిందేవమ్మ, మనసారా.

వాళ్ళు గుమ్మం దాటారో లేదో మొగుడూ పెళ్ళాం ఆ గోతిలో కంకరా సున్నం పోసి దిమ్మిస కొట్టారు. దూలం కింద తాటిమొద్దు ఊతం పెట్టారు, పగులు పూడ్చి గోడకి కొత్త మట్టి మెత్తారు. మెత్తిన మట్టి ఆరింది. మృగశిర రానే వచ్చింది, వాన అంటే వానా అది, ఊళ్ళో మూడు గోడలు పడ్డయ్యి. పేరిందేవమ్మ పొద్దుటినించీ ఆ మూల గోడకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. గోడ కదల్లా. సాయంత్రానికి వాన తెరిపిచ్చింది, గోడ గోడలాగే ఉంది. అప్పుడు ఏడ్చిందంట, నవ్వుతా ఏడ్చింది. గుండెల మీదనించి తిరగలి దించినట్టయింది ఆవిడకి.

తెల్లారి సన్నటి జల్లులో గోనెపట్టా నెత్తిన కప్పుకుని మాణిక్యమ్మ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా చూరు కిందే నిలబడింది. ఏందక్కా అంటే అటూ ఇటూ చూసి, "పేరిందేవీ, మా ధాన్యం కొట్లో కూడా ఉందే. రెండేళ్ళయింది. పెద్దపుట్ట. బయటికి తెలిస్తే ఊరంతా వచ్చి పాలు పోస్తారని గోతాం కప్పి తాళం వేశా. నిన్నటి వానకి ఆ గోడ వంగింది. ముట్టుకోవాలంటే భయమేస్తంది. ఏవన్నా పెళ్ళిళ్ళు మిగిలినయ్యా?" అంది. అని చీరకొంగు నోట్లో కుక్కుకుంది. పేరిందేవమ్మ మొగుణ్ణి బండి కట్టమని కేకేసి, తను గంప నెత్తిన పెట్టుకుని, "పద అక్కా, పెళ్ళిళ్ళు ఎక్కడో ఒకచోట ఉండకపోవు" అని ముందు నడిచిందంట.

నేనైతేనా, ఊరంతా చాటింపు వేయించి, మొదటి పాలచెంబు నేనే పట్టుకుపోయేదాన్ని. ఆవిడ గంపతో పోయింది గానీ చెంబుతో పోలేదు. ముందురోజు తన గోడ కూలుంటే ఆవిడా చెంబే పట్టేదేమో, ఎవరు చూడొచ్చారు! ఇల్లు నిలబడ్డ మనిషికి ఎక్కడలేని మంచితనం వచ్చిద్దమ్మా.