పెద్దన్న పడుగులో పడ్డ ఫట్‌ఫటీ

గద్వాల ఠాణా, అమీన్ సాబ్ ఎదుట. 1938 మార్చి 16, బుధవారం, పగలు పదకొండు గంటలు. ముంషీ జ్వరంతో సెలవులో ఉన్నందున వాంగ్మూలం ఇచ్చే మనిషే తన చేత్తో తెలుగులో రాసినది.

ఇందుమూలంగా సమస్త జనులకు చాటి తెలియజేయడమేమనగా, నా మీసం ఎడమవైపు పొట్టిగా ఉండడానికి కారణం బుడ్డిదీపమే గాని, వీధిలో చెప్పుకుంటున్నట్టు నా భార్య పెంటమ్మ కాదు. ఇంకా తెలియజేయడమేమనగా, ఈ ఠాణాలో నాకిచ్చిన బల్లకు మూడు కాళ్లే నేలకు ఆనుతున్నాయి గనుక, ఈ కాగితం మీది వంకర అక్షరాలకు పూచీ బల్లదే. ఈ రెండు సంగతుల మీద ఎవరికైనా ఉజ్రు గాని ఆక్షేపణ గాని ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి. ఎవరూ చెప్పలేదు. అమీన్ సాబ్ మాత్రం "అసలు సంగతి రాయవయ్యా" అన్నారు. రాస్తున్నాను.

నా పేరు జోగయ్య. తండ్రి హన్మంతు. వయసు నలభై ఏడు. వృత్తి మగ్గం నేయడం. కాపురం గద్వాల సాలెవాడ. చదువు మూడో తరగతి పుస్తకం సగం దాకా, మిగతా సగం ఎలుకలు చదివాయి. ఇంతకు ముందు శిక్ష పడలేదు. చీవాట్లు పడ్డాయి.

మార్చి 12, శనివారం సాయంత్రం ఐదు గంటలకు మూసీ మోటారుసైకిల్ క్లబ్బు వారు ఎనిమిది ఫట్‌ఫటీల మీద మా ఊరికి వచ్చారు. క్లబ్బు వారు ఏడుగురు. అందరూ సికింద్రాబాదులో కంపెనీ నౌకర్లు, శని ఆదివారాలు సెలవు. ఎనిమిదో మనిషి నాగర్‌కర్నూలు కాంపౌండరు బాలకిష్టయ్య. ముప్పై ఏళ్లుంటాయి. అతనికి తోడుగా ఆ రెండు రోజులూ వచ్చి, ఊరూరా జనానికి చూపించి, రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున సాగనంపి రావడం క్లబ్బు వారి పని. ఆ రోజు తెల్లవారుజామున నాగర్‌కర్నూలులో బయలుదేరి, వనపర్తిలో ఆగి, బీచుపల్లి దగ్గర ఒక్కో ఫట్‌ఫటీని పుట్టిలో కూర్చోబెట్టి కృష్ణ దాటించి తెచ్చారు.

బాలకిష్టయ్య ప్రయాణం ఎందుకంటే, నాగర్‌కర్నూలు పల్లెల్లో దిగుడుబావి నీళ్లు తాగినవాళ్లకు నారు కురుపు లేస్తుంది. కాలిలోంచి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. లోపల తెగిందంటే కాలు వాచి మనిషి నెలల తరబడి మంచం దిగడు. ఆ రోగులకు పది మంచాల దవాఖాన కట్టించమని ఈయన హైదరాబాదులో ఒక సేటు వెంట పడ్డాడు. సేటు షరతు పెట్టాడు. ఫట్‌ఫటీ మీద రామేశ్వరం పోయి రావాలి. ఏ ఊళ్లో ఏ తేదీన సర్కారు కచేరీ ముద్ర వేయించుకోవాలో ఒక పుస్తకంలో రాసిచ్చాడు. ఒక్క ముద్ర తప్పినా దవాఖాన లేదు. రైలు ఉండగా ఫట్‌ఫటీ ఎందుకని మా వీధిలో అడిగారు. సేటుకు పొద్దు పోవద్దా అన్నాను.

గద్వాల ముద్ర శనివారమే పడింది. తర్వాతిది కర్నూలు, సోమవారం పొద్దు గూకే లోపల.

అంత మంచి పనికి నేనెందుకు అడ్డం వచ్చానని అమీన్ సాబ్ అడిగారు. నేను అడ్డం వచ్చింది మంచి పనికి కాదు, ఈలకు. క్లబ్బు సెక్రటరీ రామచంద్రయ్య గారి మెడలో ఒక ఈల ఉంది. జనం దగ్గరికి వస్తే ఊదుతాడు. నేను ఆయన బండి టాంకీ మీద చేయి వేశాను.

"ఏయ్, చెయ్యి తియ్. మరక పడుతది" అన్నాడు.

"మగ్గం నేసే చెయ్యి సారూ. పట్టు మీదనే పడదు మరక."

"చీర వేరు, ఇంజను వేరు. నీకు తెల్వదు. జర దూరం జరుగు."

అని ఈల ఊది, నా వేళ్లు పడ్డచోట రుమాలుతో తుడిచాడు. రెండుసార్లు తుడిచాడు. రెండోసారి తుడవకపోతే ఈ కాగితం ఖర్చయ్యేది కాదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ముసాఫిర్‌ఖానా ముందు ఎనిమిది బండ్లూ వరసగా నిలబెట్టారు. మల్దకల్ సడక్ ఎటు అని రామచంద్రయ్య గారు నన్నే అడిగారు. నిన్నటి మనిషినని పోల్చుకోలేదు. నేను వంగి సలాం చేసి, "గీ సాలెవాడ నడుమ నుంచి సీదా పోండి సారూ, సడక్ సాఫ్" అన్నాను.

అది అబద్ధం. పొద్దున పూట, ఎండ ముదరక ముందు, మేము వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతాం. అప్పుడు ఎద్దుబండి కూడా ఆ వీధిలోకి రాదు. ఇది గద్వాలలో అందరికీ తెలుసు, ఎద్దులకు కూడా తెలుసు. నా ఎత్తు ఏమిటంటే, రామచంద్రయ్య గారు అందరికంటే ముందు పోతారు, పడుగు చూసి ఆగుతారు, బండి తిప్పే జాగా ఉండదు, ఆ మెరుగు బండిని బర్రెల సందులోంచి పేడలో తోసుకుంటూ పోతారు. అంతే. ఇంతకంటే ఎక్కువ అనుకోలేదని ప్రమాణం చేస్తాను.

కానీ ఆ పొద్దున ఆయన, "కాంపౌండరు సాబ్, మీరు ముందు నడువుండ్రి. జనం మిమ్ములనే సూడాలె" అని బాలకిష్టయ్యను ముందుకు పంపాడు. నేను చేయెత్తాను. చప్పుడులో ఎవరూ వినలేదు.

బాలకిష్టయ్య కుడికాలికి గుడ్డ చుట్టి ఉండడం శనివారమే చూశాను. బూటు కరిచిందనుకున్నాను. ఆ గుడ్డ కింద పుల్ల, పుల్లకు పురుగు చుట్టి ఉన్నాయని నాకు తెలియదు. తనకూ నారు కురుపు ఉందని అతను క్లబ్బు వారికి కూడా చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆపిస్తారని భయం. ఆ కాలితో బ్రేకు గట్టిగా తొక్కలేడు. మా వీధి పల్లం. తెల్ల పడుగు దూరానికి కనబడదు. కనబడే సరికి పది గజాలు లేదు.

సమయం ఏడుకు పది నిమిషాలు తక్కువ. పడుగు మా కులపెద్ద పెద్దన్నది. బండి ముందు చక్రం పడుగులో దూరింది. మూడో వంతు పోగులు పటపటా తెగి చక్రానికి చుట్టుకున్నాయి. బాలకిష్టయ్య ఎగిరి గంజి బానలో పడ్డాడు. బాన పగిలింది.

అందరూ పడుగు వైపు ఉరికారు. అమృతమ్మ ఒక్కతే మనిషి వైపు ఉరికింది. ఆమె డెబ్భై ఏళ్ల ముసలిది. తెగిన పోగు అతకడంలో గద్వాలలో ఆమె తర్వాతే ఎవరైనా. బాలకిష్టయ్య కళ్లు తెరిచి బండి ఏదని అడగలేదు. "పుల్ల ఉన్నదా సూడండమ్మా" అన్నాడు.

పుల్ల లేదు. గుడ్డ ఊడింది. పాదం నిండా గంజి.

"కదలకు కొడకా. ఊపిరి గూడ మెల్లగ పీల్చు" అని అమృతమ్మ తడి చేతులతో గంజి తుడుస్తూ కూర్చుంది. నేను చెంబుతో నీళ్లు పోశాను. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆమె రెండు వేళ్ల మధ్య పురుగు కొస పట్టి, "ఉన్నది. తెగలే" అంది. పెంటమ్మ ఇంట్లోకి పోయి పేకనూలు చుట్టే కండె తెచ్చింది. దాని మీద అమృతమ్మ పురుగును మళ్లీ చుట్టింది. తెగలేదు. ఈ మాట రెండుసార్లు ఎందుకు రాశావని అమీన్ సాబ్ అడిగారు. తెగలేదు గనుక రాశాను.

తర్వాత పెద్దన్న వచ్చాడు. కులపెద్దా ఆయనే, పడుగూ ఆయనదే. మా సాలెవాడ కట్టుబాటు ఇది. బయటివాడు పడుగు తెంపితే వాడి బండి కులపెద్ద ఇంటి ముందు ఉంటుంది, పున్నమి నాడు కూర్చునే పంచాయితీ వదలమంటేనే కదులుతుంది. మనవాడు తెంపితే తప్పు లేదు. ఇంటికొక మనిషి వచ్చి ఆ పూటే అతుకుతారు. పున్నమి అంటే బుధవారం, ఈ రోజు. కర్నూలు గడువు సోమవారం.

రామచంద్రయ్య గారు ఈల ఊదారు. "మీ మీద కేసు పెడ్త. హైకోర్టు దాంక పోత" అన్నారు. అప్పుడే ఒక క్లబ్బు మనిషితో ఈ ఠాణాకు ఫిర్యాదు పంపారు.

"పోండ్రి సారూ, గంత దూరం. వచ్చేదాంక బండి ఈడనే ఉంటది" అని పెద్దన్న బండిని తన అరుగు గుంజకు పగ్గంతో కట్టాడు.

బాలకిష్టయ్య ముద్రల పుస్తకం తీసి గంజి అంటిందేమో చూసుకొని, మళ్లీ అంగీ లోపల పెట్టుకున్నాడు. పెంటమ్మ నా పక్కకు వచ్చి, "దారి సూపెట్టింది నువ్వే గదా. నీ మొఖం సూస్తెనే తెలుస్తున్నది" అంది.

అప్పుడు నేను ముందుకు వచ్చి అసలు సంగతి బయటపెట్టాను. బాలకిష్టయ్య బయటివాడు కాదు. రాజోలి మగ్గాలవాడలో ఉండే జములమ్మ కొడుకు.

"ఏ జములమ్మరా జోగిగా?" అన్నాడు పెద్దన్న.

"గదేంది మామా, రాజోలి జములమ్మను మరిస్తివా? మీ చెల్లె పెండ్లిల తెల్లారేదాంక పాటలు పాడలే?"

పెద్దన్న తల గోక్కున్నాడు. అమృతమ్మ కండె మీంచి తలెత్తకుండానే, "ఆమెకు ఎడమ కన్ను జర మెల్ల గదా?" అంది.

"గామెనే" అన్నాను.

"మరి ముందుగాల చెప్పొద్దారా" అన్నాడు పెద్దన్న. "ఆమె మొగడు నాకు ఎరికె. మంచోడు, పాపం. నోట్లె నాలిక లేనోడు."

బాలకిష్టయ్య ఏదో చెప్పబోయాడు. నేను అతని నోటికి అంబలి ముంత అందించాను. తాగి ఊరుకున్నాడు.

ఇంటికొకరు లెక్కన నలభై మంది పడుగుకు రెండు వైపులా కూర్చున్నారు. తెగిన పోగులు వేలల్లో ఉన్నాయి. క్లబ్బు వారిని కూడా కూర్చోబెట్టారు. రామచంద్రయ్య గారికి కొసలు పట్టుకునే పని వచ్చింది. ఈల పోగుల్లో చిక్కుకుంటోందని అమృతమ్మ తీయించి చూరులో పెట్టింది. ఆయన మొదట వేసిన ముడులు చూసి, "గిట్ల కాదు సారూ, ఇది ఎద్దు పగ్గం గాదు" అని విప్పించింది. మధ్యాహ్నానికి ఆయన పదిలో ఏడు ముడులు సరిగ్గా వేస్తున్నారు. ఎవరు పక్కన పోయినా చూపిస్తున్నారు. సికింద్రాబాదు పోయాక నౌకరి పోతే ఇక్కడికే రమ్మని నేను చెప్పాను. నవ్వారు.

మూడున్నరకు పడుగు అతకడం అయింది. నాలుగింటికి పెద్దన్న తన చేత్తో పగ్గం విప్పాడు. బండి రాజుకోకపోతే వీధంతా తోసింది. ఎనిమిది బండ్లూ మల్దకల్ దిక్కుకు పోయాయి. చప్పుడు ఆగిన తర్వాత కూడా నేను అక్కడే నిలబడ్డాను.

సోమవారం అన్నం తినలేదు. పాసిపోయిందని చెప్పాను. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు రైలు స్టేషన్‌కు కర్నూలు నుంచి బాలకిష్టయ్య తంతి వచ్చింది. స్టేషన్ బాబు చదివి చెప్పాడు: ముద్ర పడింది, పురుగు మొత్తం వచ్చింది, అమ్మకు చెప్పండి. మళ్లీ చదవమన్నాను, మళ్లీ చదివాడు. మూడోసారి అడిగితే తలుపు వేసుకున్నాడు. ఇంటికి పోయి రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాను. అంత రుచిగా పెంటమ్మ ఎప్పుడూ వండలేదు. ఆ మాట ఆమెతో అనడం తప్పయింది.

ఇక్కడ సంతకం పెట్టి లేద్దామనుకున్నాను. కానీ ఫిర్యాదు రిజిస్టరులో ఎక్కింది గనుక, బండి పట్టుకోవడమూ వదలడమూ బంధువుల మధ్య సంగతేనని తేలాలని, అమీన్ సాబ్ జవాను నర్సింహులును పిలిచి, రాజోలి పోయి జములమ్మ వాంగ్మూలం తెమ్మన్నారు. ముప్పై మైళ్లు. ఎండ మండుతోంది. నర్సింహులు తలపాగా చుట్టుకుంటున్నాడు. అతను నాకు ఏ అపకారమూ చేయలేదు.

కనుక రాస్తున్నాను. రాజోలిలో జములమ్మ లేదు. నాకు తెలిసినంతలో ఎప్పుడూ లేదు. బాలకిష్టయ్యను నేను శనివారం సాయంత్రమే మొదటిసారి చూశాను. పేరు, పాటలు నేను పెట్టాను. మెల్లకన్ను అమృతమ్మ పెట్టింది. మంచి మొగుణ్ని పెద్దన్న ఇచ్చాడు. బండి ఎక్కేటప్పుడు బాలకిష్టయ్య నా చెవిలో, "మా అమ్మ నా మూడో ఏడే పోయిందే పెద్దాయనా. మెల్లకన్ను మాత్రం లేకుండె" అన్నాడు.

దారి తప్పించిన నేరానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఒకటే మనవి. అతికిన పడుగు ఇప్పుడు పెద్దన్న మగ్గం మీద ఉంది. అంత మంచి కొడుకును కన్నందుకు జములమ్మకు పెట్టాలని వీధంతా కలిసి చీర నేయిస్తున్నారు. ఎర్ర అంచు, జానెడు నేయడం అయింది. అది పూర్తయ్యేదాకా ఈ కాగితం సాలెవాడలో చదవకూడదు. తర్వాత ఆ చీర ఎవరికి కట్టబెట్టాలో తమరే సెలవియ్యాలి.

ఇందులో నేను చూసింది చూసినట్టు, అన్నది అన్నట్టు రాశాను. ఎవరి బలవంతమూ లేదు. జములమ్మ ఒక్కతి తప్ప అంతా నిజం.

(సంతకం) జోగయ్య

సాక్షి: జవాను నర్సింహులు, ఎడమ బొటనవేలి ముద్ర